ఫోర్-బై-ఫైవ్ కెమెరాకి రోల్ ఫిల్మ్ హోల్డర్: ముందు డమ్మీ రోల్, ఆ తర్వాతే అసలు రోల్

"అన్నా, ఫోర్-బై-ఫైవ్ కొన్నా. షీట్ ఫిల్మ్ రేటు చూస్తే గుండె ఆగిపోతాంది. దీనికి 120 రోల్ కూడా పెట్టుకోవచ్చంట కదా, ఎట్లా?"

తిరుపతి నుంచి, చిత్తూరు నుంచి, మదనపల్లె నుంచి ఎవరో ఒకరు ఇదే ప్రశ్న అడుగుతూనే ఉంటారు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పీ చెప్పీ విసుగొచ్చింది, అందుకే అంతా ఒకచోట రాసి పెడుతున్నాను. ఫోర్-బై-ఫైవ్ అంటే నాలుగంగుళాలకి ఐదంగుళాల విడి షీట్ ఫిల్మ్ వాడే పెద్ద కెమెరా. 120 అంటే కాగితంతో కలిపి చుట్టి వచ్చే మీడియం ఫార్మాట్ రోల్. ఆ రోల్‌ని ఈ కెమెరా వెనక పట్టి ఉంచే పెట్టే రోల్ ఫిల్మ్ హోల్డర్.

పెట్టుకోవచ్చు. పెద్ద కష్టమూ కాదు. కానీ హోల్డర్ చేతికొచ్చిన మర్నాడే కొత్త రోల్ ఎక్కించుకుని చంద్రగిరికి పోయి, ఎనిమిది ఫ్రేములూ పోగొట్టుకుని తిరిగొచ్చిన ఘనుడు ఒకడున్నాడు. అది నేనే. రాజమహల్ ఎదురుగా మూడు గంటలు ఎండలో నిలబడి తీసిన రోల్ కడిగి చూస్తే అద్దంలా ఖాళీ. కాగితం వైపు లెన్స్‌కి, ఫిల్మ్ వైపు వెనక్కి పెట్టి ఎక్కించాను. అందుకే ఈ పద్ధతిలో మొదటి రోల్ ఫొటోలు తీయడానికి కాదు, హోల్డర్‌ని పరీక్షించడానికి.

కొనేముందు కెమెరా వెనక చూడండి

గ్రౌండ్ గ్లాస్ (ఫోకస్ చూసుకునే గరుకు గాజు) ఫ్రేమును పట్టి ఉంచే, వేలితో జరిపితే జరిగే రెండు లోహపు పట్టీలు ఉన్నాయా? ఉంటే మీది గ్రాఫ్లాక్ బ్యాక్. గ్లాసును ఫ్రేముతో సహా ఊడదీసి, ఆ చోట హోల్డర్ కూర్చోబెట్టి, పట్టీలు జరిపి బిగిస్తారు. హార్స్‌మన్, గ్రాఫ్లెక్స్, లిన్‌హాఫ్ సూపర్ రోలెక్స్ లాంటివి ఇలా బిగించేవే. సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా కనిపించేవీ ఇవే.

పట్టీలు లేకుండా గ్లాసు స్ప్రింగు మీద లేచేది మాత్రమే అయితే, షీట్ హోల్డర్‌లా గ్లాసు కిందికి దూర్చే రకం కావాలి. కాల్యుమెట్ సి2, సైనార్ జూమ్ ఆ కోవలోవి. వీటితో గ్లాసు ఊడదీసే పని లేదు, అది సుఖం. కానీ షీట్ హోల్డర్ కన్నా మందం. పాత చెక్క కెమెరాలో బలంగా తోస్తే స్ప్రింగు మరలు ఊడి వస్తాయి. ఒక చేత్తో గ్లాసు ఫ్రేమును ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో నిదానంగా దూర్చాలి.

సైజు విషయం (ఫ్రేము కొలతలు సెంటీమీటర్లలో). 6×7లో రోల్‌కి 10 ఫ్రేములు, 6×9లో 8, 6×12లో 6 వస్తాయి. "6" అన్నది మాటవరసకే, అసలు వెడల్పు 56 మి.మీ. ఇక్కడ లెన్స్‌ని కూడా లెక్కలోకి తీసుకోండి. ఫోర్-బై-ఫైవ్ మీద మామూలు చూపునిచ్చే 150 మి.మీ. లెన్స్, 6×7 మీద కొంచెం టెలీ (తక్కువ మేరనే పట్టేది) అయిపోతుంది. 6×7కి మామూలు లెన్స్ అంటే 90 మి.మీ. చుట్టుపక్కల, 6×9కి 100-105, 6×12కి 135 దగ్గర. మీ దగ్గర 150 ఒక్కటే ఉంటే, 6×7 కొని "కోట మొత్తం పట్టడంలేదే" అని బాధపడొద్దు.

తిరుపతి వాళ్లకి 6×12 మీద మోజు ఎక్కువ. కారణం నాకు తెలుసు, చంద్రగిరి రోడ్డు మీద నిలబడితే శేషాచలం అటునుంచి ఇటు గోడ కట్టినట్టు ఉంటుంది, పొడుగు ఫ్రేము అడుగుతున్నట్టే ఉంటుంది. అయినా మొదటి హోల్డర్‌గా 6×7 గానీ 6×9 గానీ తీసుకోమనే చెబుతాను. ఒక రోల్‌లో ఎక్కువ తప్పులు చేసి నేర్చుకోవచ్చు. ఇంకో మాట కూడా చెప్పాలి. లెన్స్‌ని పైకి లేపడం, బ్యాక్‌ని వంచడం లాంటివి మీకు అక్కర్లేకపోతే ఈ తలనొప్పి ఎందుకు, హాయిగా ఒక మీడియం ఫార్మాట్ కెమెరా కొనుక్కోండి.

కావలసినవి

- హోల్డర్, దాని డార్క్ స్లైడ్ (ఫిల్మ్ ముందు వెలుతురుకి అడ్డుగా ఉండే పలక, వంకర లేనిది)
- ఖాళీ 120 స్పూలు ఒకటి
- గడువు తీరిన రోల్ ఒకటి, ఇదే డమ్మీ
- పరీక్షకి చవక బ్లాక్ అండ్ వైట్ రోల్ ఒకటి
- సీడీల మీద రాసే మార్కర్, మెత్తటి పెన్సిల్, స్టీలు స్కేలు
- వెనక లోతు కొలిచే కడ్డీ ఉన్న వెర్నియర్ (లేత్ పని చేసేవాళ్ల దగ్గర ఉంటుంది, పది నిమిషాలు అడిగి తెచ్చుకున్నా చాలు)
- లూప్ (ఫోకస్ చూసే భూతద్దం), నల్ల గుడ్డ, నల్ల టేపు
- జేబులో పట్టే చిన్న నోటు పుస్తకం

1. డమ్మీ రోల్ ఎక్కించండి, వెలుతురులోనే

హోల్డర్ తెరవండి. లోపల రెండు స్పూలు గదులు ఉంటాయి. లివరు లేదా నాబ్ తిప్పితే ఏ గది తిరుగుతుందో చూడండి, ఖాళీ స్పూలు అందులోకి. ఫిల్మ్ రోల్ రెండో దాంట్లోకి.

ఇప్పుడు ఇదొక్కటి గుండెలో రాసుకోండి: కాగితం నల్ల వైపు లెన్స్‌కి, అంకెలు అచ్చువేసిన వైపు వెనకున్న ప్రెషర్ ప్లేటుకి (ఫిల్మ్‌ని చదునుగా నొక్కి ఉంచే పలక). ఫిల్మ్ ఉండేది నల్ల వైపునే కదా. చాలా హోల్డర్లలో కాగితం రోలరు మీదుగా వెనక్కి మెలిక తిరిగి వస్తుంది, అందుకని మామూలు కెమెరాలో అలవాటైన చెయ్యి ఇక్కడ తప్పు చేస్తుంది. నేను చేసిన తప్పు అదే. అనుమానంగా ఉంటే హోల్డర్ మూసి, డార్క్ స్లైడ్ లాగి, ఎదుటి నుంచి చూడండి. అంకెలు, కంపెనీ పేరు కనిపిస్తున్నాయంటే తిరగేసి ఎక్కించారు.

కాగితం కొసను ఖాళీ స్పూలు చీలికలో దూర్చి, నిటారుగా ఉందో లేదో చూస్తూ రెండు చుట్లు తిప్పండి. ఏ మాత్రం ఏటవాలుగా పడినా రోల్ చివరికి ఒక పక్క ఉబ్బుతుంది, అక్కడి నుంచే వెలుతురు దూరుతుంది. బాణం గుర్తు వచ్చి హోల్డర్ మీదున్న గుర్తుకి ఎదురుగా నిలిచాక ఆపి, మూత వేసి, కౌంటరులో 1 వచ్చేదాకా తిప్పండి.

కౌంటరు లేని, ఎర్ర కిటికీ ఉన్న 6×12 హోల్డర్లయితే 6×6 అంకెల వరసను చూస్తూ ఒకటి విడిచి ఒకటి తిప్పుకుంటూ పోవాలి. ఏ అంకె దగ్గర మొదలుపెట్టాలో మీ హోల్డర్‌లో కిటికీ ఎక్కడుందో దాన్నిబట్టి ఉంటుంది. దాన్ని కూడా ఈ డమ్మీతోనే తేల్చుకోండి. ఎండలో ఆ కిటికీ మీద టేపు ముక్క ఉండాల్సిందే.

2. ప్రతి ఫ్రేమునీ మార్కర్‌తో గీయండి

డార్క్ స్లైడ్ పూర్తిగా లాగి, కనిపిస్తున్న ఫిల్మ్ మీద ఫ్రేము లోపలి అంచు వెంబడి చుట్టూ గీత గీసి, మధ్యలో 1 అని రాయండి. తిప్పండి. మళ్లీ గీసి 2. ఇలా చివరిదాకా. తర్వాత రోల్ బయటికి తీసి నేల మీద పరిచి చూడండి.

ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య ఖాళీ ఉందా? ప్రతిచోటా సరిగ్గా ఒకేలా ఉండనక్కర్లేదు, ఒకదాని మీద ఒకటి ఎక్కకపోతే చాలు. మొదటి ఫ్రేము ఫిల్మ్ మీదే పడిందా, కాగితం మీదికి పోయిందా? చివరి ఫ్రేము ఫిల్మ్ అయిపోయాక పడుతోందా? గీతలు ఫిల్మ్ అంచులకి సమానంగా ఉన్నాయా, వాలిపోయాయా?

ఫ్రేములు ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే రెండు దారులున్నాయి. స్పూలు ఎంత తిరిగిందో చూసుకుని ఆగే రకమైతే, ఖాళీ స్పూలు నడుముకి ముందుగా ఒక చుట్టు కాగితం టేపు వేస్తే లావు పెరిగి ఎడం పెరుగుతుంది. ఫిల్మ్‌ని తాకే రోలరు కొలిచే రకమైతే ముందు ఆ రోలరు సంగతి చూడండి. స్పిరిట్ అద్దిన గుడ్డతో రోలరు తుడిచి మళ్లీ చూడండి. అప్పటికీ అంతే అయితే పళ్ల చక్రాల పని, కెమెరా రిపేరు తెలిసినవాళ్ల చేతికే ఇవ్వండి. స్క్రూడ్రైవరు మీరు పట్టుకోవద్దు. లోపలి చిన్న స్ప్రింగు ఎగిరి మంచం కిందికి పోతే మీ హోల్డర్ పేపర్ వెయిటే.

డమ్మీని తిరిగి చుట్టేటప్పుడు ఒక చిక్కు. ఫిల్మ్ మొదటి కొస మాత్రమే కాగితానికి అంటించి ఉంటుంది, రెండోది వదులు. వదులు కొస వైపు నుంచి బిగువుగా చుట్టుకుంటూ రండి, అంటించిన చోటికి వచ్చేసరికి ఫిల్మ్ ఉబ్బితే ఆ టేపు ఊడదీసి సరిచేసి మళ్లీ అంటించండి. ఈ డమ్మీని పారేయొద్దు. నాది ఎన్నేళ్లుగానో కెమెరా సంచిలోనే ఉంది, అంచులు చీకిపోయి, మార్కర్ గీతల మీద గీతలతో. ఎవరు హోల్డర్ చూపించినా ముందు అదే బయటికి తీస్తాను.

3. లోతు కొలవండి

గ్లాసు మీద మీరు చూసిన ఫోకస్, ఫిల్మ్ మీద కూడా అక్కడే ఉండాలి. అంటే గ్లాసు గరుకు వైపు ఎంత లోతులో ఉందో, హోల్డర్‌లో ఫిల్మ్ కూడా అంతే లోతులో ఉండాలి. ఫోర్-బై-ఫైవ్‌కి ఆ లోతు దాదాపు 5 మి.మీ.

డమ్మీ ఎక్కి ఉన్న హోల్డర్ డార్క్ స్లైడ్ తీసి, కెమెరాకి ఆనే ముఖం మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టండి. వెర్నియర్ కడ్డీని స్కేలు పైనుంచి ఫిల్మ్‌కి తాకీ తాకనట్టు దించి కొలిచి, స్కేలు మందం తీసేయండి. నొక్కితే ఫిల్మ్ లోపలికి పోయి కొలత చెడుతుంది. మధ్యలో, నాలుగు మూలల్లో కొలవండి. ఊడదీసిన గ్లాసు ఫ్రేముని కూడా ఇలాగే. రెండింటికీ తేడా 0.2 మి.మీ. లోపలుంటే ఎఫ్ 16, 22లలో మీకు కనబడదు. ఎఫ్ 5.6లో దగ్గరి వస్తువు తీస్తే మాత్రం కనబడొచ్చు.

గ్లాసు కింద ఎవరో ప్లాస్టిక్ షీటు వేసి ఉంటే కొలత పూర్తిగా మారిపోతుంది. గరుకు వైపు లెన్స్ వైపే ఉండాలి. సెకండ్ హ్యాండ్ కెమెరాల్లో గ్లాసు పగిలితే తిరగేసి బిగించినవి నేను రెండు చూశాను.

4. గ్లాసు మీద గీతలు

డమ్మీ మీద గీసిన ఫ్రేము కొలతలు అక్కడే ఉన్నాయి. హోల్డర్ బిగించినప్పుడు ఫ్రేము గ్లాసు నట్టనడుమ ఉంటుందనుకోవద్దు, కొన్నింటిలో కాస్త పక్కకి ఉంటుంది. హోల్డర్ అంచు నుంచి ఫ్రేము అంచుకి ఎంతో కొలిచి, గ్లాసు గరుకు వైపు మెత్తటి పెన్సిల్‌తో గీయండి. పెన్ను వద్దు. గీతకి ఒక మి.మీ. లోపలే చిత్రాన్ని కూర్చుకోండి.

5. మేడమీద పరీక్ష రోల్

ఇప్పుడు చవక రోల్. నీడలో, ఒంటి నీడైనా సరే, ఎక్కించండి. చిటికెన వేలితో రోల్‌ని బిగువుగా పట్టుకుని చుట్టండి.

ఫ్రేము 1: కెమెరాకి బిగించి, షట్టర్ మూసి, లెన్స్‌కి మూత పెట్టి, డార్క్ స్లైడ్ లాగి, మిట్ట మధ్యాహ్నం ఎండలో 5 నిమిషాలు వదిలేయండి.

ఫ్రేము 2: డార్క్ స్లైడ్ వేసి హోల్డర్‌ని కెమెరా నుంచి తీసి, అన్ని పక్కలా ఎండ తగిలేలా తిప్పుతూ 5 నిమిషాలు.

ఫ్రేము 3: మామూలుగా ఒక ఫొటో, ఎఫ్ 22లో.

ఫ్రేము 4: ఫోకస్ పరీక్ష. పిట్టగోడ మీద తొమ్మిది అగ్గిపెట్టెలు ఏటవాలు వరసలో, ఒకదాని వెనక ఒకటి, అన్నీ కనబడేలా నిలబెట్టండి. ఒక్కోదాని మీద పెద్దగా అంకె రాయండి. లూప్ పెట్టి 5 మీద ఫోకస్ చేసి, లెన్స్ పూర్తిగా తెరిచి తీయండి.

ఫ్రేము 5: అదే మళ్లీ, అరగంట ఆగి.

మిగిలినవి మీ ఇష్టం.

కడిగాక ఇలా చదవండి. ఫ్రేము 4లో 5వ పెట్టె పదునుగా ఉంటే సరి. 4వదో 6వదో పదునుగా ఉంటే లోతులో తేడా, మూడో మెట్టుకి వెనక్కి వెళ్లండి. ఫ్రేము 4 బాగుండి 5వ ఫ్రేములో ఒక పక్క మెత్తబడితే, రోలరు చుట్టూ ఆగి ఉన్న ఫిల్మ్‌కి పడిన వంపు అది.

ఫాగ్ (దొంగ వెలుతురు దూరి పడిన నలుపు) ఎక్కడ పడిందో చూడండి, అదే దోషం ఎక్కడుందో చెబుతుంది. నలుపు ఫ్రేము లోపలే ఆగిపోయి, అంచు గీత దగ్గర తెగినట్టుంటే హోల్డర్ తప్పు కాదు. బెలోస్‌లో (లెన్స్‌కీ బ్యాక్‌కీ మధ్యనున్న మడతల తిత్తి) చిల్లి, లేదా షట్టర్. ఫ్రేము దాటి ఫిల్మ్ అంచుల దాకా పాకితే హోల్డర్ మూత, లేదా వదులుగా చుట్టిన రోల్. డార్క్ స్లైడ్ దూరే వైపు నుంచి నాలుకలా లోపలికి వస్తే, ఆ చీలికలోని మఖమల్ అరిగిపోయింది.

రోల్ మొత్తం ఖాళీగా ఉందా? అంచున కంపెనీ పేరు, అంకెలు కనిపిస్తుంటే కడగడం సరిగ్గానే ఉంది, వెలుతురే పడలేదు. కాగితం తిరగేశారు, లేదా డార్క్ స్లైడ్ లాగలేదు, లేదా షట్టర్ తెరుచుకోలేదు. అంచు అక్షరాలూ లేకపోతే డెవలపర్ చచ్చింది, హోల్డర్‌ని తిట్టొద్దు.

ఇంట్లో కడిగేవాళ్లకి: బ్లాక్ అండ్ వైట్‌కి మామూలుగా చెప్పే వేడి 20 డిగ్రీలు. మే నెలలో మన ట్యాంకు నీళ్లు చెయ్యి కాలేలా ఉంటాయి. బకెట్‌లో ఐసు వేసి, సీసాలన్నీ అందులో నిలబెట్టి, థర్మామీటరు చూసుకుని మొదలుపెట్టండి.

6. అసలు రోల్: చేతుల వరస

ఇది మారకూడదు. నోటితో అనుకుంటూ చేసినా సిగ్గుపడాల్సింది లేదు, నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

1. షట్టర్ తెరిచి, పెన్సిల్ గీతల లోపల కూర్చి, ఫోకస్ చేయండి.
2. అన్ని నాబ్‌లూ బిగించండి. హోల్డర్ బరువు వెనక పడగానే వదులుగా ఉన్న బ్యాక్ వాలుతుంది. ఫోకస్ పోయేది ఎక్కువగా ఇక్కడే.
3. షట్టర్ మూయండి. ఎపర్చరు, స్పీడు పెట్టి, కాక్ చేయండి (షట్టర్ స్ప్రింగు ఎక్కించండి).
4. గ్లాసు ఊడదీసి సంచిలో దాని గుడ్డలో పెట్టండి. బండి సీటు మీద పెట్టొద్దు.
5. హోల్డర్ ఒక అంచు ముందు ఆనించి, రెండో అంచు కూర్చోబెట్టి, రెండు పట్టీలూ పూర్తిగా జరపండి. వేలితో చుట్టూ తడిమి చూడండి, సందు తగలకూడదు.
6. కౌంటరు చూడండి.
7. బ్యాక్ మీద నల్ల గుడ్డ కప్పి, డార్క్ స్లైడ్ నిటారుగా లాగండి. ఒక మూల ముందు లాగితే చీలిక తెరుచుకుని వెలుతురు పోతుంది.
8. కెమెరా ఊగడం ఆగేదాకా ఆగి, కేబుల్‌తో నొక్కండి.
9. డార్క్ స్లైడ్ వేయండి. వెంటనే తిప్పండి. పుస్తకంలో రాయండి.

తొమ్మిదో దాని మీద వాదన ఉంది. తీసే ముందే తిప్పాలనేవాళ్లు ఉన్నారు. నాకు మరుపు ఎక్కువ, ఒకదాని మీద ఒకటి రెండు బొమ్మలు పడ్డ ఫ్రేములు నా దగ్గర చాలా ఉన్నాయి, అందుకని తీసిన వెంటనే తిప్పేస్తాను. మీరు ఏదైనా ఎంచుకోండి, ఒక్కటే ఎంచుకోండి. ఒక రాత్రి హోల్డర్‌లో ఉండిపోయిన రోల్ అయితే పొద్దున మొదటి ఫ్రేముని చెట్టుకో చేమకో ఇచ్చేసి, తిప్పి, తర్వాత అసలు పని మొదలుపెట్టండి.

చివరి ఫ్రేము తర్వాత కాగితం మొత్తం చుట్టుకునేదాకా తిప్పి, నీడలో తెరిచి, వదులు కాకుండా అంటించండి.

మన ఊళ్లో తీసేటప్పుడు

బండి డిక్కీలో హోల్డర్ వదిలేయొద్దు. ఎండాకాలం మన డిక్కీ పొయ్యి లాంటిది. ఫిల్మ్ సంగతి అటుంచి, లోపలి నల్ల స్పాంజి కరిగి జిగురై ఫిల్మ్‌కి అంటుకుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టిన రోల్‌ని రెండు గంటల ముందే బయట పెట్టండి, లేకపోతే తడి పడుతుంది.

చంద్రగిరి రాజమహల్ పురావస్తు శాఖ చేతిలో ఉంది. ట్రైపాడ్ పెట్టే ముందు అనుమతి అడగండి. కొండ మీద శిలాతోరణం తీయాలనుకునేవాళ్లు అలిపిరి తనిఖీలో సామాను స్కానర్‌లోకి పోతుందని గుర్తుంచుకోండి. రోల్స్ చేత్తో పట్టుకుని చూపించి అడగండి, చూసి పంపితే మంచిదే. ఆలయం లోపలికి కెమెరా రాదు, ఆ ప్రశ్న నన్ను అడగొద్దు.

చెన్నైకో బెంగళూరుకో కడగడానికి పంపేవాళ్లు కవరు మీద "120" అని మాత్రం రాసి ఊరుకోవద్దు. ఫ్రేము సైజు కూడా రాయండి. అలవాటు కొద్దీ కత్తెర వేసేస్తే 6×12 ఫ్రేము మధ్యకి తెగుతుంది. నా శేషాచలం ఒకటి అలాగే రెండు ముక్కలై వచ్చింది. ఇప్పుడు కవరుకి రెండు పక్కలా ఎర్ర ఇంకుతో రాస్తాను: "6×12. కోయవద్దు. చుట్టే పంపండి."